కోటి ఏళ్ళకు రెండు సెంటీమీటర్లు: భూకాల పట్టీ పని ఎంతవరకు వచ్చింది

గోడకు అతికించడానికి తయారుచేస్తున్న భూవైజ్ఞానిక కాలపట్టీలో (భూమి చరిత్రను కాలాలుగా విడదీసి చూపే పట్టీ) కేంబ్రియన్ అనే కాలం మొదలు నుంచి నేటివరకు గల భాగం పూర్తయింది. కోటి ఏళ్ళకు 2 సెం.మీ. చొప్పున కొలత పెట్టుకోవడంతో సుమారు 53.9 కోట్ల ఏళ్ళు 108 సెం.మీ.లో ఇమిడాయి. డ్రాయింగు షీట్లను 12 సెం.మీ. వెడల్పు పట్టీలుగా కోసేటప్పుడు ప్రతి అతుకుకూ ఒక సెంటీమీటరు అదనంగా వదలాలి. లేకుంటే ఆ మేరకు యాభై లక్షల ఏళ్ళు అతుకు కింద పడిపోతాయి. తడికి కాగితం సాగుతుంది కనుక జిగురు, రంగు పూర్తిగా ఆరాకే హద్దు గీతలు గీయాలి.

ప్రతి గడిలోనూ కాలం పేరుతోపాటు దానిని పెట్టినవారి పేరు, సంవత్సరం, పేరుకు మూలం రాస్తున్నాను. అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టింది బ్రిటన్‌లోని వేల్స్ నుంచి పేర్లు వచ్చిన గడుల మీద. 1835లో ఇద్దరు భూవైజ్ఞానికుల్లో ఆడమ్ సెడ్జ్‌విక్ వేల్స్ లాటిన్ పేరైన కేంబ్రియా నుంచి కేంబ్రియన్ అనీ, రోడరిక్ మర్చిసన్ అక్కడి ప్రాచీన సైలూరీస్ తెగ పేరిట సైలూరియన్ అనీ పేర్లు పెట్టారు. తరువాత ఒకరు తన హద్దును పైకీ, మరొకరు కిందికీ జరుపుతూ పోవడంతో నడుమనున్న పొరలు ఇద్దరి లెక్కలోనూ చేరాయి. 1839లో ఇంగ్లండులోని డెవన్ ప్రాంతపు రాళ్ళకు కలిసి డెవోనియన్ అని పేరు పెట్టిన ఆ మిత్రులు ఈ తగాదాతో దూరమయ్యారు. ఇద్దరూ గతించాక, 1879లో మరో భూవైజ్ఞానికుడు చార్లెస్ లాప్‌వర్త్ ఆ పొరల్లోని శిలాజాలు పైవాటికీ కిందివాటికీ భిన్నమైనవని చూపి, ఆర్డోవిసీస్ అనే మరో వేల్స్ తెగ పేరుతో వాటిని విడదీశాడు. అందుకే ఆర్డోవిషియన్ గడిలో ఇరుపక్కల గడుల రంగులతోనూ ఏటవాలు చారలు వేశాను.

మిగిలినవి త్వరగానే అయ్యాయి. చోటు పేరుతో ఉన్న పెర్మియన్ (రష్యాలోని పెర్మ్, 1841), జురాసిక్ (జురా పర్వతాలు) నీలి సిరాలోనూ, రాతిని బట్టి వచ్చిన కార్బొనిఫెరస్ (బొగ్గు, 1822), క్రెటేషియస్ (సుద్ద, 1822), జర్మనీలోని మూడు వరుస పొరలను చూసి పెట్టిన ట్రయాసిక్ (1834) నలుపులోనూ రాశాను. అన్నిటికంటే ఇటీవలి కాలమైన క్వాటర్నరీకి దక్కింది 5 మి.మీ. మాత్రమే కాబట్టి దాని పేరును అంచు బయట చిన్న చీటీ మీద రాయాల్సి వచ్చింది. మేఘాలయలోని మామ్లూ గుహ స్టాలగ్మైటు (గుహ నేలనుంచి పైకి పెరిగే సున్నపు దిమ్మె) ఆధారంగా 2018లో ఆమోదం పొందిన మేఘాలయన్ దశ గత 4,200 ఏళ్ళది. ఈ కొలతలో అది గీతకు కూడా అందదు.

ఇక మన కడప రాళ్ళను చేర్చాలి. కడప అన్నది కాలం పేరు కాదు, శిలా సముదాయపు పేరు. అయినా అది లేని పట్టీ మా గోడకు తగదని నా అభిప్రాయం. వాటిలో పాతవి సుమారు 190 కోట్ల ఏళ్ళనాటివి కనుక ఇదే కొలతకు 380 సెం.మీ. కాగితం కావాలి. అందుచేత కోటి ఏళ్ళకు 2 మి.మీ. చొప్పున, భూమి మొత్తం వయసుకు సరిపోయే 92 సెం.మీ. రెండో పట్టీని దీని కిందనే మొదలుపెడుతున్నాను.