గ్రీన్ లేక్స్‌కు ఒక రోజంతా కేటాయించాలి

జూన్‌లో అమ్మాయి దగ్గరికి అమెరికా వెళ్తున్నామని తెలిసినప్పటి నుంచి కడపలో పలకరించినవారందరూ నయాగరా గురించే అడుగుతున్నారు. అమ్మాయి, అల్లుడు ఉండేది న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్‌లో. అక్కడి నుంచి నయాగరాకు కారులో మూడు గంటల లోపే కనుక దానిని ఎలాగూ చూస్తాము. నా మనసు మాత్రం ఆ ఊరికి తూర్పున, పది మైళ్ల దూరంలో ఉన్న గ్రీన్ లేక్స్ స్టేట్ పార్క్ మీద ఉంది. ‘దానికి ఒక పూట చాలు నాన్నా’ అని అమ్మాయి అంటుంటే, నేను రోజంతా కావాలని పట్టుబట్టాను.

ఆ పార్కులో గ్రీన్ లేక్, రౌండ్ లేక్ అని రెండు సరస్సులున్నాయి. సుమారు 15,000 ఏళ్ల కిందట, మంచు యుగం ముగిసే కాలంలో, కరిగిన హిమానీనదాల నీరు పెద్ద జలపాతాలై దూకిన చోట నేల లోతుగా తొలుచుకుపోయి ఇవి ఏర్పడ్డాయి. గ్రీన్ లేక్ లోతు 195 అడుగులు, రౌండ్ లేక్ లోతు 180 అడుగులు. మన జిల్లాలోని పోరుమామిళ్ల చెరువుకు 1369 నాటి శాసనం ఉంది. దానిని కట్టించిన విజయనగర రాజకుమారుడు భాస్కరుడి పేరుతో పాటు, మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలను, ఉండకూడని ఆరు దోషాలను అందులో చెక్కించారు. కట్ట, తూము, అలుగు చూసి చెరువును అంచనా కట్టే అలవాటున్న నాకు, అవేవీ లేకుండా అంత లోతున నీరు నిలిచిన చోటును చూడాలనిపించడం సహజమే.

అయితే లోతు కంటే విశేషమైనది ఆ నీటి తీరు. చలి దేశాల సరస్సులలో సాధారణంగా వసంతంలోనూ, ఆకు రాలే కాలంలోనూ పైనీరు, అడుగునీరు కలిసిపోతాయి. ఈ రెండు సరస్సులలో మాత్రం అవి కలవవు. చుట్టుపక్కల జిప్సం ఉన్న రాళ్ల గుండా వచ్చే భూగర్భజలం లవణాలను కరిగించుకొని బరువెక్కి అడుగున చేరుతుంది; సరస్సులు చిన్నవి, లోతైనవి, నిటారైన గట్ల మధ్య ఉన్నవి కావడం వలన గాలి కూడా వాటిని అడుగుదాకా కలపలేదు. సుమారు అరవై అడుగుల కింద ప్రాణవాయువు ఉండదు, హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటుంది, ఆ రెండు నీళ్ల సరిహద్దులో ఊదారంగు బ్యాక్టీరియా ఒక పొరగా బ్రతుకుతుంది. అడుగున కదిలించే జీవమేదీ లేనందున బురద ఏ యేటికాయేడు పొరలుగా పేరుకొని చెదరకుండా ఉంది. ఇదంతా గట్టు మీద నిలబడితే కంటికి కనిపించదు. అందుకే తెలుసుకొని వెళ్లాలని నా అభిప్రాయం.

కంటికి కనిపించేది రంగు. వేసవి మొదట్లో నీటిలోని సూక్ష్మజీవుల వలన కాల్షియం కార్బొనేట్ సన్నని రేణువులుగా విడివడి నీటిలో తేలుతుంది. వాటి మీద పడి చెదిరే వెలుగూ, ఆ లోతూ కలిసి ఆకుపచ్చ, నీలం కలిసిన రంగు తెస్తాయి. మా బోరునీళ్లు కాచిన గిన్నె అడుగున గోకినా పోని తెల్లటి పొరలో ఉన్నదీ ప్రధానంగా ఆ పదార్థమే. గ్రీన్ లేక్ ఒడ్డున డెడ్‌మ్యాన్స్ పాయింట్ అనే చోట సూక్ష్మజీవులు ఈ సున్నాన్ని కూడగట్టుకుంటూ గట్టి దిబ్బగా పెంచాయి. వేంపల్లె ప్రాంతపు సున్నపురాయిలో అరల మీద అరలుగా, గుమ్మటాల్లా కనిపించే స్ట్రోమటోలైట్లు సుమారు 190 కోట్ల ఏళ్ల కిందట ఇలాంటి జీవుల పనివల్లనే ఏర్పడ్డాయి. మన దగ్గర ఎప్పుడో రాయిగా మారిపోయిన పని అక్కడ నీటిలో సాగుతూ ఉంది. కడప వాడికి నయాగరా కంటే ఇదే దగ్గరి చుట్టమని అల్లుడికి ఫోనులో చెప్పాను. ఆయన మర్యాద కొద్దీ నవ్వారు.

ఆ దిబ్బ పెళుసుగా ఉంటుంది కనుక దాని మీద కాలు పెట్టకూడదు. ఈత కూడా కేటాయించిన బీచ్‌లోనే కొట్టాలి. రెండు సరస్సుల చుట్టూ కలిపి నడక దాదాపు మూడు మైళ్లు, దారి చాలావరకు చదునే కాబట్టి మోకాళ్ల నొప్పులున్న మా ఇంటావిడకు కష్టం కాదు. రౌండ్ లేక్ చుట్టూ నరకని పాత అడవి ఉంది. 1973లో ఆ సరస్సును జాతీయ ప్రకృతి చిహ్నంగా గుర్తించారు. నీడ ఎక్కువ కనుక అటు మధ్యాహ్నం దాటాక నడవాలని, ఎండ నడినెత్తికి వచ్చేసరికి రంగు చూడడానికి గ్రీన్ లేక్ గట్టున ఉండాలని అనుకుంటున్నాను. తినడానికి చిత్రాన్నం, పెరుగన్నం ఇంటి నుంచే తీసుకువెళ్తాము.

వేసవిలో శని, ఆదివారాలు బీచ్ కోసం వచ్చేవారితో కిటకిటలాడుతుందట; కనుక పనిరోజున వెళ్దామని, అల్లుడికి సెలవు దొరకకపోతే అమ్మాయే కారు నడపాలని తేల్చుకున్నాము. సొంత పడవలను అనుమతించరు, అక్కడ అద్దెకిచ్చే తెడ్ల పడవ తీసుకోవాలి. దానిలో ఎక్కేది లేదని మా ఇంటావిడ ఇప్పటికే చెప్పేసింది కాబట్టి, ఆమె గట్టున అన్నం మూటకు కాపలా ఉంటుంది, తెడ్లు నేనూ అమ్మాయీ వేస్తాము.