టీపాట్ కొందామని యీషింగ్ వెళ్తే పాల టీ మీద క్లాసు పీకాడు

చైనాలో యీషింగ్ కిందికొచ్చే డింగ్షు అనే ఊరి నుంచి నిన్న రాత్రే తిరిగొచ్చాను. కావాల్సిన టీపాట్ దొరికింది కానీ కోపం ఇంకా దిగలేదు, దిగకముందే రాసేస్తున్నాను.

షాంఘై నుంచి యీషింగ్‌కి హైస్పీడ్ రైలు, స్టేషన్ నుంచి డింగ్షుకి టాక్సీ. అక్కడిదాకా ఏ ఇబ్బందీ లేదు. గ్లేజ్, అంటే గాజులాంటి పూత, వేయని జీషా మట్టి టీపాట్లు పుట్టిన చోటు ఇదే, రోడ్డుకి రెండు పక్కలా అవే షాపులు.

అసలు కథ మార్కెట్లో ఒక పెద్ద షాపులో మొదలైంది. షీప్యావ్ అని, అడుగు వెడల్పుగా, పైకి వెళ్లేకొద్దీ సన్నబడే ఒక మోడల్ ఉంటుంది. దాన్ని చేతిలోకి తీసుకుని మూత తిప్పి చూస్తున్నాను. సేల్స్ కుర్రాడు వచ్చి ధర 8,800 యువాన్లన్నాడు, సర్టిఫికెట్ తీసి ముందు పెట్టాడు. అందులో దాన్ని చేశాడంటున్న కళాకారుడు అదే టీపాట్ పట్టుకుని దిగిన ఫొటో, కింద కళాకారుడిగా ఆయన హోదా. ఇక్కడ ధర నడిచేది హోదా మీదే. వేరేవాళ్లు చేసిన టీపాట్ మీద పేరున్నవాళ్లు ముద్ర కొట్టి అమ్మడం ఈ వ్యాపారంలో అందరికీ తెలిసిందే కాబట్టి, ఈయన పని చేసే చోటు చూడొచ్చా అని మర్యాదగానే అడిగాను. అంతే, ముఖం మాడ్చుకున్నాడు. ఏ దేశమని అడిగాడు, ఇండియా అన్నాను. మీరు టీలో పాలు, పంచదార వేసి మరగబెడతారు కదా, మీకెందుకివన్నీ అని పక్కనున్న కస్టమర్లకి కూడా వినపడేలా అన్నాడు. వాళ్లు నవ్వారు. వాడు నా చేతిలోంచి టీపాట్ లాక్కున్నంత పని చేసి, అచ్చుల్లో పోసి చేసిన చవక రకాల అర వైపు వేలు చూపించాడు. నాకొచ్చిన చైనీస్‌తో ఏదో అనబోయాను, మాట తడబడింది, మళ్లీ నవ్వారు. విజయవాడలో పుట్టినవాడు పాల టీ తాగుతాడు, నిజమే, దానికి సిగ్గెందుకు? ఊలాంగ్ అనే చైనా టీ రుచి కూడా తెలుసుకుంటే నేరమా?

పైగా షాపులో ఉన్నదంతా జీషాకి పేరుపడ్డ హ్వాంగ్‌లాంగ్‌షాన్ కొండ అసలు మట్టే అని ఒట్టేశాడు. ఆ కొండ దగ్గర తవ్వకాలు ఆపేసి సుమారు 20 ఏళ్లయింది. అప్పుడు తవ్వి దాచుకున్న మట్టి కొందరి దగ్గర ఉన్నమాట వాస్తవమే, అలాగని ఊళ్లో ప్రతి షాపులోనూ అదేనంటే నమ్మాలా? 2010లో గు జింగ్‌జౌ అనే టీపాట్ కళాకారుడు, మహానుభావుడు, ఆయన చేసిన షీప్యావ్ ఒకటి వేలంలో కోటీ 23 లక్షల యువాన్లు పలికింది. సరిగ్గా అదే ఏడాది, రంగు కోసం మట్టిలో లోహాల ఆక్సైడ్లు కలుపుతున్నారని ప్రభుత్వ టీవీయే బయటపెట్టింది. అందుకే చెప్తున్నా, మిలమిలలాడే ఆకుపచ్చ, నీలం టీపాట్ల జోలికి అసలు వెళ్లొద్దు. వేడినీళ్లు పోస్తే రసాయనం వాసన వచ్చేవీ వద్దు.

తర్వాత పాత వీధి గునాన్‌జీ వైపు నడిచాను. ఒకావిడ గుమ్మం దగ్గరే కూర్చుని మట్టి ముద్దని చెక్క బ్యాటుతో కొట్టి పలకలా చేసి, దాన్ని గుండ్రంగా చుట్టి, మళ్లీ చిన్నగా తట్టుతూ పొట్ట తెప్పిస్తోంది. కుమ్మరి సారె వాడలేదు. నా దేశం అడగలేదు, ఏ టీ తాగుతావని అడిగింది. నీళ్లు పోసి చూస్తానంటే కెటిల్ నా చేతికే ఇచ్చింది. నిండా పోసి, మూత మీది చిల్లు వేలితో మూసి వంచితే ధార ఆగిపోయింది, అంటే మూత బిగుతుగా కూర్చుందన్నమాట, వేలు తీస్తే తెగకుండా పడింది. కొనేముందు ఈ పరీక్ష చేయనివ్వని షాపులో నిలబడకండి. 150 మిల్లీలీటర్ల ష్వేపింగ్ అనే మోడల్, 1,500 యువాన్లు, సర్టిఫికెట్ లేదు, అడుగున ఆవిడ ముద్ర ఉంది. బేరం ఆడలేదు.

గ్లేజ్ లేని మట్టి వాసన పీల్చుకుంటుంది కాబట్టి ఇందులో వూయీ కొండల ఊలాంగ్ ఒక్కటే పోస్తాను. సబ్బు అసలు తగలకూడదు. వచ్చే నెల అమ్మ వస్తోంది, అంట్లలో ఇది కనిపిస్తే పీచుతో తోమి పారేస్తుందని ఇప్పట్నుంచే టెన్షన్, ఫోన్లో రెండుసార్లు చెప్పాను, అలాగేలే అంది కానీ ఆ గొంతు నాకు తెలుసు.