ముసురులో బిగిసే కిటికీ రెక్కలు

కోనసీమలో ముసురు పట్టిందంటే మా ఇంటి టేకు కిటికీ రెక్కలు చెమ్మ పీల్చి, పొడవున కాక అడ్డంగా ఉబ్బి, చట్రంలో బిగుసుకుపోతాయి. అలాగని వెంటనే చిత్రిక పట్టించడం తొందరపాటే. వేసవిలో చెక్క ఆరాక మిగిలే సందులోంచి దోమలు వస్తాయి. ముందు బందుల మరలు చూడాలి, ఎందుకంటే పై బందు వదులైనా రెక్క వాలి చట్రానికి రాసుకుంటుంది, మనం మాత్రం నింద వాన మీద వేస్తాం. మర పట్టని రంధ్రంలో జిగురు రాసిన వెదురు పుల్లను దిగ్గొట్టి, ఆరాక, పైకి మిగిలింది కోసేసి మర బిగిస్తే గట్టిగా నిలుస్తుంది. నిజంగా ఉబ్బిందే అయితే పొడి రోజుల దాకా ఆగి, అంచున రంగు చెరిగి నున్నగా మెరిసే చోట మాత్రమే పలచగా చిత్రిక పట్టి, బయటపడిన చెక్కకు, ముఖ్యంగా ఎవరూ చూడని అడుగు అంచుకు, రంగు పూయాలి. ఊచల మొదళ్ల తుప్పును గరుకు కాగితంతో గీకి, తుప్పును ఆపే అడుగు పూత రెడ్ ఆక్సైడ్ వేసి, ఆరాక పైన రంగు పూయాలి.