నాన్న బైండులో లేని నెల

పోయిన వేసవిలో తెనాలి నుంచి ఒహాయో తిరిగొస్తున్నప్పుడు మామూలుగా జరిగే సూట్‌కేసుల గొడవే జరిగింది. పెట్టెకి 23 కిలోలు. అమ్మ ఆవకాయ, కారప్పొడి, సున్నుండలు పెడుతూనే ఉంది, నేను తీస్తూనే ఉన్నాను. అప్పుడు నాన్న ఒక పాత బైండు తెచ్చి ఏమీ అనకుండా పైన పెట్టారు. గుడ్డ అట్ట, మూలలు ఎలకలు కొరికాయి. నాన్న హైస్కూల్లో ఉండగా నెలనెలా చందమామలోంచి 'శిథిలాలయం' సీరియల్ పేజీలు విడదీసి, దాచి, చివరికి కుట్టించుకున్న పుస్తకం.

"చిన్నాడికివ్వమ్మా," అన్నారు.

చిన్నాడంటే మా అబ్బాయి. పదకొండేళ్లు. తెలుగు మాట్లాడతాడు కానీ చదవడు. ఆ సంగతి నాన్నకు తెలుసు. అయినా ఇచ్చారు. ఒక పచ్చడి డబ్బా బయటపెట్టి పుస్తకం సర్దాను. అమ్మ ఆ మాట ఇప్పటికీ ఎత్తుతుంది.

మావాడు చదువులో బద్ధకస్తుడేం కాదు. హ్యారీ పోటర్ ఏడు పుస్తకాలూ మూడుసార్లు తిరగేశాడు, పెర్సీ జాక్సన్ అయితే ఎన్నిసార్లో లెక్కలేదు. నాలుగో క్లాసులో వాళ్ల టీచర్ ఒకావిడ, ఇంట్లో చదివినవి రాసే పట్టికలో అన్నీ ఇలాంటివే ఉన్నాయని, "అసలు పుస్తకాలు" కూడా చదివించమని నాకు కబురు పెట్టింది. నిజం చెప్పొద్దూ, నాకు కాస్త సిగ్గేసింది. వెంటనే నవ్వూ వచ్చింది. చందమామ చదువుతుంటే మా నాన్నని వాళ్ల నాన్న సరిగ్గా ఇదే అనేవారట.

ఆ బైండుని అలమరలో పెడుతుంటే మా పెద్దది (పదహారు దానికి) అడిగింది. "అమ్మా, నా పిల్లలు కూడా పోటర్ చదువుతారా? లేక ఇదీ తాతయ్య పుస్తకంలా అయిపోతుందా?"

'తాతయ్య పుస్తకంలా అయిపోవడం' అన్న మాట చురుక్కుమంది. తప్పేం అనలేదు కూడా. దాన్నే పట్టుకుని చాలా రోజులు ఆలోచించాను.

పోటర్ మొదటి పుస్తకం 1997 జూన్‌లో లండన్‌లో వచ్చినప్పుడు గట్టి అట్టతో వేసింది 500 కాపీలే. మూడేళ్లు తిరిగేసరికి న్యూయార్క్ టైమ్స్ వాళ్ల బెస్ట్ సెల్లర్ జాబితా పైవరసంతా ఆ పుస్తకాలే ఆక్రమించడంతో, 2000లో పిల్లల పుస్తకాలకని వేరే జాబితా పెట్టాల్సి వచ్చింది. పెద్దల పంక్తిలోంచి లేపి పిల్లలకి వేరే విస్తరి వేసినట్టన్నమాట. అదే ఏడాది హెరాల్డ్ బ్లూమ్ అనే పెద్ద విమర్శకుడు, ఇంతమంది కొన్నంత మాత్రాన ఇది సాహిత్యం అయిపోదని వాల్ స్ట్రీట్ జర్నల్‌లో గట్టిగానే రాశాడు. వాక్యాలు అరిగిపోయినవన్నాడు. ఆ మాటలో నిజం లేకపోలేదు. పిల్లలకి పడుకునే ముందు పైకి చదివి వినిపించినదాన్ని, ఐదో పుస్తకం ఎంత సాగుతుందో నా గొంతుకి తెలుసు. కానీ అప్పట్లో చదివిన పిల్లలు ఇప్పుడు తల్లిదండ్రులు. మా లైబ్రరీలో ఆ అర దగ్గర కనబడేది వాళ్లే. పిల్లల కంటే ముందు వీళ్ల చేతులే పుస్తకం మీదికి పోతాయి.

ఇదే అమెరికాలో మరో మాంత్రికుడి కథ ఉంది. ఫ్రాంక్ బామ్ రాసిన ఓజ్ పుస్తకం 1900లో వచ్చింది. పిల్లలు ఎగబడి చదివారు, ఆయన మొత్తం పద్నాలుగు రాశాడు. లైబ్రరీల పెద్దలు మాత్రం చాలాకాలం వాటిని చిన్నచూపు చూశారు, కొన్నిచోట్ల అరల్లో ఉండనివ్వలేదు కూడా. 1939లో సినిమా వచ్చింది. 1950ల చివర్నుంచి ఏటేటా టీవీలో వేశారు. ఇక అది పండగలాగా అయిపోయింది. ఇవాళ దాన్ని క్లాసిక్ కాదనేవాళ్లు లేరు. అయితే మా బ్రాంచి లైబ్రరీలో చూస్తే ఆ పద్నాలుగింటిలో మొదటిదొక్కటే ఉంది. అందుకే పెద్దదానితో అన్నాను, పోటర్ మిగులుతుంది కానీ ఏడూ మిగలవు, మొదటి మూడు మిగిలితే గొప్ప అని. రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

మనకీ అలాంటిదే జరిగింది. మధిర సుబ్బన్న దీక్షితులు గారి కాశీమజిలీ కథల్లోంచి 1951లో 'పాతాళభైరవి' సినిమా వచ్చింది. మా చిన్నాడు ఆ సినిమా చూసి పోటర్‌లో దుష్ట మాంత్రికుడు వోల్డెమార్ట్ కంటే నేపాళ మాంత్రికుడే నయమని తేల్చేశాడు. నెలరోజుల పాటు ఇంట్లో అందరూ డింభకులే. కానీ కాశీమజిలీలు తెరిచి చదివినవాళ్లు మా ఇంట్లో ఎవరు? నాన్న కొంత. నేను సున్నా.

నాన్న బైండులోని సీరియల్ సంగతి ఇంకా విచిత్రం. చందమామ 1947 జులైలో మొదలైంది. 'తోకచుక్క' దగ్గర్నుంచి ఒకదాని వెనక ఒకటిగా ఆ మాంత్రికుల, రాక్షసుల సీరియల్స్ రాసిన దాసరి సుబ్రహ్మణ్యం గారి పేరు వాటిమీద వేసేవారే కాదు. బొమ్మల కింద అవి వేసిన 'చిత్రా' సంతకం ఉండేది, రాసినాయన పేరు లేదు. 2010లో ఆయన పోయినప్పుడు పేపర్లో చూసి నాన్న నాకు ఫోన్ చేశారు. "మనం చదివినవన్నీ ఈయనే రాశారటమ్మా." నెలంతా ఎదురుచూసి చదివిన కథ, వీధి అరుగు మీద కూర్చుని చదివిన కథ, రాసిందెవరో తెలియడానికి ఆయన పోవాల్సి వచ్చింది. పోటర్ రాసిన రౌలింగ్ ముఖం తెలియని పిల్లలున్నారా? నన్నడిగితే దాసరి గారి కథల్లో బిగువు ఏమాత్రం తక్కువ కాదు. పుట్టింటి మమకారం కొంత కలిసిందేమో, కలవనివ్వండి. ఆ కథలకి ఏళ్ల తరబడి పుస్తకరూపం లేదు, బళ్లో చోటు లేదు. తర్వాత మేమంతా ఇంగ్లీషు మీడియంలో పడ్డాం. ఇక నేను ఇక్కడికొచ్చి, ఆదివారం తెలుగు క్లాసుకి సాకర్ అడ్డొస్తే సాకర్‌కే ఓటేశాను. పెద్దది అడిగిన ప్రశ్నకి సగం జవాబు నా దగ్గరే ఉంది.

మధ్యలో ఒకటి చెప్పాలి. 2018లో రోషనీ చోక్షీ రాసిన ఆరూ షా పుస్తకం వచ్చింది. పెర్సీ జాక్సన్ రాసిన రిక్ రియోర్డన్ పేరుతో నడిచే వరసలో మొదటిది. అందులో పాండవులు మళ్లీ ఆడపిల్లలుగా పుడతారు, ఇంద్రుడి వాటా ఆరూది. పెద్దది అది చదివి అమ్మమ్మకి భయంభయంగా చెప్పింది, తిడుతుందేమోనని. అమ్మ పప్పులో పోపు వేస్తూ, "అర్జునుడు ఆడపిల్లయితే ఏమొచ్చె? విరాటపర్వంలో ఏడాదంతా బృహన్నలగా లేడూ?" అంది. ఆ పిల్ల విరాటపర్వం అంతా ఆ పూటే చెప్పించుకుంది. ఇంగ్లీషు పుస్తకం దారి చూపిస్తే అమ్మమ్మ దగ్గరికి వెళ్లింది. నాకు కొంచెం కుళ్లుగా అనిపించింది కానీ, వచ్చిన దారి ఏదైతేనేం.

శిథిలాలయం చిన్నాడికి నేనే పైకి చదువుతున్నాను. మొదట బొమ్మల కోసం పక్కన కూర్చున్నాడు. మూడో రాత్రి నేను ఆవులిస్తే పేజీ తనే తిప్పాడు. 'కటారి' అంటే ఏంటి, 'పొలిమేర' అంటే ఏంటి అని ఆపుతూనే ఉంటాడు. కొన్నిటికి నాకే తెలియక ఏదో అనేస్తాను.

ఆ బైండులో ఒక నెల లేదు. ఆ నెల ఏజెంటు దగ్గర కాపీలు అయిపోయాయట. మా చిన్నప్పుడు నాన్న మాకు చదివేటప్పుడు అక్కడ పుస్తకం మూసి, ఆ భాగం నోటితో చెప్పేవారు. వీరుడు ఏటి నడుమ మొసలి వీపు మీద నిలబడి ఈటె విసురుతాడు. నాకు మొత్తం సీరియల్లో బాగా గుర్తున్న ఘట్టం అదే.

మేం అక్కడికి వచ్చాం. పాత చందమామలు స్కాన్ చేసినవి నెట్‌లో తిరుగుతున్నాయి, ఆ సంచిక వెతుకుతానన్నాను. "వద్దు, తాతయ్యకి చేద్దాం," అన్నాడు. అక్కడ పొద్దున ఏడు. నాన్న కాఫీ గ్లాసు పక్కనబెట్టి, కళ్లజోడు సర్దుకుని, మొదలుపెట్టారు. గుహ ఉంది, గుహలో మాట్లాడే గద్ద ఉంది, గద్ద కాలికి గొలుసు ఉంది. ఏరు రాదు. ఇరవై నిమిషాలు చూసి ఇక ఆగలేక అన్నాను.

"నాన్నా, మొసలేది?"

"ఏ మొసలమ్మా?" అన్నారు నాన్న.

"అమ్మా, ష్," అన్నాడు చిన్నాడు. "గొలుసు ఎవరు కట్టారు తాతయ్యా?"