ఫాస్టింగ్ 94, రెండు గంటలకు 172

పెళ్ళయిన నాలుగేళ్ళకు, నా 31వ ఏట, ఈ రెండు అంకెలు ఒకే కాగితం మీద కనిపించాయి: ఖాళీ కడుపుతో ఒకటి, గ్లూకోజ్ తాగిన రెండు గంటలకు ఇంకొకటి, రెండూ రక్తంలో చక్కెరే. అంతకుముందు రెండేళ్ళూ మొదటి అంకె ఒక్కటే చూసి ‘షుగర్ లేదు’ అని రాసి పంపేశారు. నెలసరి 45 రోజులకోసారి, ఒక్కోసారి 60 రోజులకు. స్కానింగ్‌లో పీసీఓఎస్, అంటే అండాశయంలో అండాలు సరిగ్గా ఎదగని సమస్య. ఎత్తు 155 సెంటీమీటర్లు, బరువు 58 కిలోలు. ‘లావు లేవు కదమ్మా’ అని ఎవరూ నడుము కొలవలేదు. కొలిస్తే 88 సెంటీమీటర్లు వచ్చింది. మన దేశపు ఆడవాళ్ళకు 80 దాటగానే జాగ్రత్త పడాలి, బీఎంఐ 23 నుంచే అధిక బరువు కింద లెక్క. నాది 24.

చక్కెరకూ అండానికీ సంబంధమేమిటని చాలామంది అడుగుతారు. కండరాలు ఇన్సులిన్ మాట సరిగ్గా విననప్పుడు క్లోమం ఇంకా ఎక్కువ ఇన్సులిన్ వదులుతుంది. చక్కెర అదుపులోనే కనిపిస్తుంది కానీ రక్తంలో ఇన్సులిన్ పెరిగిపోయి ఉంటుంది. అండాశయం దాన్ని అందుకుని మగ హార్మోన్లు ఎక్కువ తయారుచేస్తుంది. ఆ హార్మోన్లను పట్టి ఉంచే ప్రొటీన్‌ను కాలేయం తగ్గించేస్తుంది. దాంతో ఫాలికిల్స్, అంటే అండం పెరిగే చిన్న సంచులు, చిన్నగానే ఆగిపోతాయి, ఏదీ పూర్తిగా ఎదిగి అండాన్ని విడుదల చేయదు. స్కానింగ్‌లో ‘నీటి బుడగలు’ అనేవి ఇవే. అవి గడ్డలు కావు, వాటిని కోసి తీయించుకోనక్కర్లేదు.

ఫాస్టింగ్ చివరిదాకా మామూలుగా ఉండగలదు. చాలామందిలో ముందు చెడేది తిన్న తర్వాతి చక్కెర. అందుకే 75 గ్రాముల గ్లూకోజ్ పరీక్ష అడిగి చేయించుకోవాలి. అదీ పద్ధతిగా జరగాలి. ముందు మూడు రోజులు మామూలుగా అన్నం తినాలి. భయపడి అన్నం మానేసి వెళితే రెండో అంకె అబద్ధంగా పెరుగుతుంది. రాత్రంతా, ఎనిమిది నుంచి పది గంటల పాటు, ఖాళీ కడుపుతో ఉండాలి. గ్లూకోజ్‌ను 250 నుంచి 300 మిల్లీలీటర్ల నీళ్ళలో కలిపి ఐదు నిమిషాల్లో తాగాలి. పొడి మోనోహైడ్రేట్ రకమైతే 82.5 గ్రాములు వేస్తేనే 75కి సమానం. గడియారం మొదటి గుటక నుంచి లెక్క. ఆ రెండు గంటలూ కూర్చునే ఉండాలి. ‘ఈలోగా బజారు పని చూసుకొస్తా’ అని నడిచొస్తే అంకె తగ్గుతుంది. వాంతి అయితే పరీక్ష మరో రోజు మళ్ళీ మొదటి నుంచి. రక్తం ఫ్లోరైడ్ ఉన్న బూడిదరంగు మూత గొట్టంలో పడాలి. మామూలు గొట్టంలో వదిలేస్తే రక్తకణాలే చక్కెరను తినేస్తాయి. రెండు గంటలకు 140 నుంచి 199 వస్తే ప్రీడయాబెటిస్, 200, ఆపైన వస్తే మధుమేహం.

మూడు నెలల చక్కెర సగటు చూపే హెచ్‌బీఏ1సీ ఒక్కటే నమ్మితే ఇంకో చిక్కు. నా హిమోగ్లోబిన్ 9.2. ఇనుము లోపం ఉంటే ఆ అంకె ఉన్నదానికంటే ఎక్కువ చూపవచ్చు. తలసేమియా, సికిల్ సెల్ లక్షణాలున్నవారికి తారుమారు కావచ్చు. మన్యం ప్రాంతాల వాళ్ళు ఈ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. నాకు ఇన్సులిన్ కూడా కొలిచారు, 18 వచ్చింది. ఇన్సులిన్ మాట శరీరం ఎంత వినడం లేదో చూడటానికి ఒక లెక్క ఉంది: 94ను 18తో గుణించి 405తో భాగిస్తే 4.2. ఈ లెక్కకు అందరూ ఒప్పుకున్న హద్దు లేదు, పైగా ఒక్కో ల్యాబ్‌లో ఒక్కోలా వస్తుంది. డబ్బు చూసుకోవాల్సొస్తే ఇది వదిలేసి గ్లూకోజ్ పరీక్షే చేయించుకోండి.

ఇన్సులిన్ మాట శరీరం బాగా వినేలా చేసే మెట్‌ఫార్మిన్ రాశారు. మొదటి వారం రాత్రి భోజనంతో 500 మిల్లీగ్రాములు, తర్వాత వారానికి 500 చొప్పున పెంచి 1500. ఖాళీ కడుపుతో వేసుకుంటే విరేచనాలు పట్టుకుంటాయి, చాలామంది అక్కడే మానేస్తారు. తిండి మధ్యలో వేసుకోవాలి, నిదానంగా కరిగే రకం అడగాలి. ఆ రకాన్ని నలపకూడదు. ఏళ్ళ తరబడి వాడితే బీ12 తగ్గుతుంది, కొలిపించుకోవాలి. అయితే ఇది ఒక్కటీ వేసుకుంటే నీళ్ళోసుకుంటామనుకోవడం పొరపాటు. 2007లో అమెరికాలో 626 మంది మీద చేసిన పరిశోధనలో బిడ్డ పుట్టినది అండం విడుదలకు ఇచ్చే క్లోమిఫీన్ మాత్ర వాడినవారిలో 22.5 శాతం మందికి, మెట్‌ఫార్మిన్ మాత్రమే వాడినవారిలో 7.2 శాతం మందికి.

తిండి విషయంలో మన దగ్గర రెండు నమ్మకాలు నన్ను బాగా ఇబ్బంది పెట్టాయి. ఒకటి అనకాపల్లి బెల్లం. ‘బెల్లమే కదమ్మా, ఏటవుతాది?’ అని మా అత్త ప్రేమగానే పెట్టేది. బెల్లంలో ఉన్నది దాదాపు అంతా చక్కెరే, రక్తంలోకి వచ్చేదీ అదే. రెండోది చోడంబలి, అంటే రాగి అంబలి. చోళ్ళు మంచివే, కానీ మెత్తటి పిండి, పల్చగా మరిగించినది, పైన బెల్లం వేసినది తాగితే చక్కెర గబగబా ఎక్కుతుంది. చిక్కగా కాచి, బెల్లం మాని, మజ్జిగ పోసుకుని, పక్కన గుడ్డో గుప్పెడు వేరుశనగలో ఉంటే నాకు బాగా కుదిరింది. పొట్టు పెసలతో, బియ్యం కలపని పెసరట్టు చక్కటి టిఫిన్. మధ్యలో ఉప్మా పెట్టగానే లెక్క మారిపోతుంది. అన్నానికి చిన్న త్రాసు కొన్నాను: పూటకు 60 గ్రాముల బియ్యం. ముందు కూర, పప్పు, చేప, చివర్లో అన్నం. విశాఖ హార్బర్‌లో చవగ్గా దొరికే కవ్వళ్ళు అనే చిన్న చేపలు పులుసు పెట్టుకుంటే ప్రొటీనుకు కొరత లేదు. గర్భం కోసం ప్రయత్నించేవాళ్ళకు సొరచేప మాత్రం వద్దు, అందులో పాదరసం ఎక్కువ. సొరపుట్టు బాలింతకు మంచిదని మన ఇళ్ళలో పెడతారు గనుక గట్టిగా చెబుతున్నాను.

భోజనమైన వెంటనే 15 నిమిషాలు నడక. కదిలే కండరం ఇన్సులిన్ సాయం పెద్దగా లేకుండానే చక్కెరను లాక్కుంటుంది. ఉక్కపోత రోజుల్లో డాబా మీదే తిరిగేదాన్ని, తెల్లవారుజామున ఆర్కే బీచ్ రోడ్డు. వారానికి రెండుసార్లు బరువులెత్తే వ్యాయామం.

ఇక నేను గట్టిగా చెప్పదలుచుకున్నది: ‘ముందు బరువు తగ్గి రా, తర్వాత చూద్దాం’ అని గడువు లేకుండా పంపేయడం అన్యాయం. అధిక బరువున్నవారికి 5 నుంచి 10 శాతం తగ్గినా అండం విడుదల మళ్ళీ మొదలవ్వచ్చు, నిజమే. కానీ 2016లో నెదర్లాండ్స్‌లో బీఎంఐ 29, ఆపైన ఉన్న ఆడవాళ్ళకు ఆరు నెలల బరువు కార్యక్రమం పెట్టి ఆ తర్వాత చికిత్స ఇస్తే, వెంటనే చికిత్స పొందినవారికంటే కాన్పుల ఫలితం మెరుగుపడలేదు. సహజంగా గర్భం వచ్చినవారు మాత్రం ఎక్కువయ్యారు. వయసు 35 దాటినవాళ్ళకు ఆ ఆరు నెలలూ ఖరీదైనవి. అసలు మధుమేహమే ఉంటే సంగతి వేరు: హెచ్‌బీఏ1సీ 6.5 లోపుకు వచ్చేదాకా ఆగాలి, ఎందుకంటే బిడ్డ గుండె, వెన్ను తయారయ్యేది మొదటి వారాల్లోనే. బీపీ, కొలెస్ట్రాల్ మాత్రలుంటే ముందే మార్పించుకోవాలి. ఫోలిక్ యాసిడ్ 400 మైక్రోగ్రాములు అప్పటికే మొదలై ఉండాలి. భర్త వీర్యపరీక్ష మొదటి వారంలోనే అయిపోవాలి.

నాకు మూడు నెలలు గడువు పెట్టారు. నాలుగు కిలోలు తగ్గాను, రెండు గంటల అంకె 138కి దిగింది, హిమోగ్లోబిన్ 11.6. అప్పుడు అండం విడుదల కోసం లెట్రోజోల్ మాత్ర: నెలసరి మూడో రోజు నుంచి ఏడో రోజు దాకా 2.5 మిల్లీగ్రాములు. ఇది రొమ్ము క్యాన్సర్ మందని మందుల షాపులో భయపెడతారు. మన దేశంలో 2011లో సంతాన చికిత్సకు నిషేధించి, 2017లో ఎత్తేశారు. 2014 పరిశోధనలో క్లోమిఫీన్‌తో 19.1 శాతం మందికి, దీనితో 27.5 శాతం మందికి బిడ్డలు పుట్టారు. మొదటి నెల ఫాలికిల్ పెరగలేదు, మోతాదు 5 చేశారు. రెండో నెల 13వ రోజుకు 19 మిల్లీమీటర్లు. ఇంట్లో వాడే అండం పట్టీలను పీసీఓఎస్‌లో నమ్మలేం, అండం విడుదలకు సంకేతమిచ్చే ఎల్‌హెచ్ హార్మోన్ ముందే ఎక్కువుండి తప్పుడు గీత చూపిస్తాయి. అండం విడుదలైన వారానికి రక్తంలో ప్రొజెస్టెరాన్ హార్మోన్ చూడాలి. 3 దాటితే విడుదలైనట్టే.

మూడో నెల నిలిచింది. గర్భంలో మొదటి పరీక్షల్లోనే చక్కెర చూపించుకున్నాను, 26వ వారంలో మళ్ళీ. అప్పుడు హద్దు దాటింది, తిండితోనే సర్దుకుంది. పాప పుట్టిన ఎనిమిది వారాలకు, పాలిచ్చి పడుకోబెట్టి, ఆ తియ్యటి నీళ్ళే మరోసారి తాగాను. ఫాస్టింగ్ 91, రెండు గంటలకు 133. ఏడాదికి మళ్ళీ రమ్మన్నారు. తేదీ పాప టీకాల కార్డు వెనకే రాసుకున్నాను.