మెస్సు అంటే పెంట కాదు

నా పని డబ్బింగ్ సినిమాలకి తెలుగు మాటలు రాయడం. కాపురం చెన్నైలో, వడపళని దగ్గర. ఇంగ్లీషు సినిమా ఏది వచ్చినా ‘వాట్ ఎ మెస్!’ అనే డైలాగు ఎక్కడో ఒకచోట తగులుతుంది. ఇల్లు తగలబడినా అదే, పెళ్లి ఆగిపోయినా అదే. దానికి నేను రాసేది ‘ఎంత పెంట!’ ‘గందరగోళం’ అని రాస్తే నోరు అతకదు. ‘మ’ అన్నప్పుడు పెదాలు మూతపడతాయి కాబట్టి అక్కడ ప, బ, మ... వీటిలో ఏదో ఒకటి పడాలి. పెంట అయితే బ్రహ్మాండంగా కూర్చుంటుంది.

మా డబ్బింగ్ థియేటర్‌కి ఢిల్లీ నుంచి కొత్తగా వచ్చిన సౌండు కుర్రాడు ఎదురుగా ఉన్న ‘ఆంధ్రా మెస్’ బోర్డు చూసి ఒకటే నవ్వు. తిండి పెట్టే చోటికి ఎవరైనా గందరగోళం అని పేరు పెట్టుకుంటారా సార్ అని. ఈ వెటకారం నాకు కొత్త కాదు. మన ఇంగ్లీషు ఎక్కడ దొరుకుతుందా నవ్వుదామా అని కాచుక్కూర్చునేవాళ్లు చాలామందే ఉన్నారు. కానీ ఈ కేసులో పెద్దరికం బోర్డుదే. ఇంగ్లీషులో మెస్ అంటే తిండి అనే అర్థం సుమారు 1300 నాటిది. గందరగోళం అనే అర్థం 19వ శతాబ్దంలో పుట్టింది. అంటే మధ్యలో ఐదొందల ఏళ్లు!

అసలు మూలం లాటిన్‌లో ‘మిట్టెరె’, అంటే పంపడం. తర్వాతి కాలపు లాటిన్‌లో బల్ల మీద పెట్టడం అనే అర్థం కూడా వచ్చింది. వంటింట్లోంచి బల్ల మీదికి వచ్చిన వంటకం పాత ఫ్రెంచిలో ‘మెస్’ అయింది. ఇప్పటి ఫ్రెంచివాళ్లు చివర అక్షరాలు మింగేసి ‘మె’ అంటారు గానీ అర్థం వంటకమే. మిషన్, మెసేజ్, ప్రామిస్, కమిటీ, మిసైల్, అన్నీ ఆ మిట్టెరె సంతానమే. పప్పుగిన్నె, క్షిపణి అన్నదమ్ములన్నమాట.

1611 నాటి ఇంగ్లీషు బైబిల్లో యోసేపు తన ముందున్న భోజనంలోంచి అన్నదమ్ములకి ‘మెస్సులు’ పంపుతాడు. వాళ్లలో చిన్నవాడు బెన్యామీను మెస్సు మిగతావాళ్లకంటే ఐదు రెట్లు. మన తెలుగు బైబిల్లో అక్కడ ‘వంతు’ అని ఉంటుంది. ఇంతకంటే సరైన మాట నాకైతే తట్టదు.

వంటకం కాస్తా దాన్ని పంచుకు తినే జట్టుకి పేరైంది. ఆ జట్టు మొదట్లో నలుగురు. లండన్‌లో బారిస్టరు చదువులో ఒకప్పుడు విందులకి హాజరవడం కూడా ఒక నిబంధనగా ఉండేది. అక్కడ నలుగురేసి కూర్చునేదాన్నీ మెస్ అనే అనేవారు. గాంధీగారు 1888లో ఆ చదువుకే వెళ్లారు. నలుగురికి రెండు వైన్ సీసాలు ఇచ్చేవారట. ఈయన ముట్టరు గనక, ఆ రెండూ మిగతా ముగ్గురికే. దాంతో నాలుగోవాడిగా తన కోసం తెగ పోటీ ఉండేదని ఆత్మకథలో రాసుకున్నారు. మద్యం మానితే స్నేహితులు పోతారనేవాళ్లకి ఇది చూపించాలి.

నలుగురి జట్టు పోయి సైనికులు భోంచేసే చోటుకి, ఆ తర్వాత హాస్టళ్లకి ఆ పేరు పాకింది. మనకొచ్చిన మెస్సు ఇదే. మా చెన్నై ట్రిప్లికేన్‌లో మాన్షన్ల చుట్టూ మెస్సులు ఉన్నది కూడా అందుకే. మంచం పడితే మనిషి పట్టని గదిలో పొయ్యి ఎక్కడ పెడతారు? (ఇంగ్లండులో మాన్షన్ అంటే దొరల బంగళా. ట్రిప్లికేన్‌లో బ్రహ్మచారుల గూడు. దాని సంగతి ఇంకోసారి.)

ఇక గందరగోళం ఎక్కణ్నుంచి వచ్చిందంటే, పశువుల దగ్గర్నుంచి. 18వ శతాబ్దంలో వాటికి కలిపి పెట్టే మేతని మెస్ అనడం మొదలైంది. అందులోంచి కలగాపులగం, అందులోంచి చిందరవందర, ఆఖరికి ‘వాట్ ఎ మెస్’. ఇక్కడే నాకు నవ్వొచ్చింది. మన పెంట కూడా పశువుల పాకలోదే కదా! ఇంగ్లీషువాళ్లు గొడ్డు తినేదాని దగ్గర మాట పట్టుకున్నారు, మనం అది వేసినదాని దగ్గర పట్టుకున్నాం. పెదాలు కలిశాయని రాసిన మాటకి ఇంత చుట్టరికం ఉందన్నమాట.

నేను మధ్యాహ్నం తినే మెస్సు ఓనరుది కావలి వైపు. బాబాయ్ అంటాను. అక్కడా బల్లకి నలుగురే. ఎవరికెవరు ఏమీ కారు, కందిపొడి, నెయ్యి మాత్రం ఉమ్మడి. ఓరోజు రద్దీ తగ్గాక ఈ కథంతా చెబితే లాటిన్ దగ్గర ఆవులించాడు గానీ, బెన్యామీను దగ్గర చెవులు రిక్కించాడు.

“ఐదు రెట్లా? అన్‌లిమిటెడ్ బోర్డు పెట్టింది అట్టాంటోళ్ల కోసమే గదా అబ్బయా. చేపల పులుసు మటుకు రెండోసారి అడిగితే బిల్లేస్తా.”