మీటరు 12.4 చూపిస్తే సరిపోదు

బండి దారిలో ఆగిపోతోందని ఆటోనగర్‌లో మా షాపుకు ఎవరు వచ్చినా, బానెట్ ఎత్తే ముందు నేను అడిగేది ఒకటే. ఆగిన క్షణంలో మీటరు బోర్డు మీద ఏం కనిపించింది? పెట్రోలు అందక ఇంజిన్ ఆగితే బ్యాటరీ గుర్తు, ఆయిల్ గుర్తు ఎర్రగా వెలుగుతాయి. బండి దొర్లుతున్నంతసేపూ స్పీడు ముల్లు తన పని తాను చేస్తూనే ఉంటుంది. ఇగ్నిషన్ కరెంటు పోతే అలా ఉండదు. ఒక్క లైటూ వెలగదు, బండి ఇంకా పరిగెడుతుండగానే ముల్లు సున్నాకు పడిపోతుంది.

మే నెల ఎండల్లో తెనాలి నుంచి వచ్చిన మాస్టారిని కూడా అదే అడిగాను. కనకదుర్గ వారధి మీద, వెనక లారీలు వస్తుండగా, ఆయన కారు ఆగిపోయింది. స్టీరింగు రాయిలా బిగుసుకుంది. "ముళ్ళన్నీ ఒక్కసారిగా కిందికి పడిపోయాయండీ. పాటలు మాత్రం ఆగలేదు" అన్నారు. ఆ రెండు ముక్కలతో సగం పని అయిపోయింది. పాటలు ఆగలేదంటే బ్యాటరీ ఉంది, పెద్ద ఫ్యూజు ఉంది, తాళం స్విచ్ దాకా కరెంటు వస్తోంది. పోయింది ఆ తర్వాతి దారిలోనే.

తాళం మొదటి మెట్టులో మ్యూజిక్ సిస్టమ్‌కు కరెంటు వెళ్తుంది. రెండో మెట్టులో, అంటే ఆన్‌లో, ఇగ్నిషన్ వైరుకు వెళ్తుంది. మూడో మెట్టులో సెల్ఫ్ తిరుగుతుంది. అప్పుడు పాటలు ఆగినా పరవాలేదు, ఇగ్నిషన్ వైరు మాత్రం ఆగకూడదు. యూరప్ కార్ల వైరింగు పటాల్లో ఈ వైరుకు 15 అనీ, బ్యాటరీ నుంచి నేరుగా వచ్చేదానికి 30 అనీ, ఎర్త్‌కు 31 అనీ అంకెలుంటాయి. జపాన్ పద్ధతి పటాల్లో ఐజీ అని రాస్తారు.

ఇంజిన్‌ను నడిపించే కంప్యూటరైన ఈసీఎంకు బ్యాటరీ నుంచి నేరుగా ఒక కరెంటు ఎప్పుడూ ఉంటుంది. అయినా తాళం తిప్పారన్న సంగతి దానికి చెప్పేది ఇగ్నిషన్ వైరే. ఆ కబురు అందితేనే చాలా కార్లలో ఈసీఎం మెయిన్ రిలే అనే కరెంటు స్విచ్‌ను కలుపుతుంది, వెనక సీటు కింద పెట్రోలు పంపు రెండు సెకన్లు గుయ్‌మంటుంది, చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంది. అందకపోతే సెల్ఫ్ బ్రహ్మాండంగా తిరుగుతుంది, బండి మాత్రం స్టార్ట్ కాదు. స్కానర్ పెట్టినా ఈసీఎం పలకదు. పలకడం లేదు కాబట్టి ఈసీఎం పోయిందని వేరేచోట మాస్టారికి చెప్పారట, మార్చడానికి 40 వేలు అడిగారట. కరెంటు అందుతోందో లేదో చూడకుండా ఈసీఎం మార్చమనడం నాకు ఎంతమాత్రం నచ్చదు. అది జీతం మీద బతికే మనిషి డబ్బు.

ఉదయం చల్లగా ఉన్నప్పుడు ఆ కారులో ఏ లోపమూ కనిపించలేదు. అద్దాలు మూసి ఎండలో నిలబెట్టి, లోపల బాగా కాగిన తర్వాత స్టార్ట్ చేస్తే కాసేపటికి ఆగింది. ఆ స్థితిలోనే పరీక్షించాలి. ఆ వైరు మీది ఫ్యూజులు తీసి, కరెంటు వచ్చే వైపు మల్టీమీటరు పెట్టాను. 12.4 వోల్టులు. మా దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రాడు "కరెంటు బాగానే వస్తోంది కదా, అన్నా" అన్నాడు.

అక్కడే చాలామంది ఆగిపోతారు. డిజిటల్ మీటరు లోపలి నిరోధం సాధారణంగా 10 మెగా ఓమ్‌లు. అది వైరు నుంచి తీసుకునే కరెంటు లేనట్టే లెక్క. మట్టి పేరుకున్న పైపులోనైనా కుళాయి కట్టేసి ఉన్నంతసేపూ ఒత్తిడి నిండుగానే ఉంటుంది, తిప్పితేనే కదా సంగతి తెలిసేది. అందుకే అదే చోట ఇండికేటర్‌లో వాడే 21 వాట్ల బల్బు కలిపాను. బల్బు ఎర్రగా, నీరసంగా వెలిగింది. మీటరు 7.8కి దిగింది.

మిగిలిన 4.6 వోల్టులు ఎక్కడ పోతున్నాయి? బల్బు వెలుగుతుండగానే వెతకాలి. తాళం స్విచ్‌లోకి వచ్చే వైరుకూ బయటికి వెళ్ళే వైరుకూ మధ్య మీటరు పెడితే 0.1. స్విచ్ బాగుంది. స్విచ్ బయటి వైరు నుంచి ఫ్యూజు బాక్సు కప్లర్ దాకా, అంటే వైర్లు వచ్చి కలిసే ప్లగ్గు దాకా, పెడితే 4.4. కప్లర్ నుంచి ఫ్యూజు దాకా 0.1. లెక్క సరిపోయింది. ఇంతవరకూ ఒక్క వైరునూ కోయలేదు, సూదితో పొడవలేదు, కప్లర్ వెనక నుంచే కొలిచాం. పొడిచిన చోట తేమ చేరి మరో జబ్బు మొదలవుతుంది, దయచేసి ఆ పని చేయకండి. స్టీరింగు కింద పసుపు రంగు కప్లర్లు కనిపిస్తే వాటిని అసలు ముట్టుకోకండి, అవి ఎయిర్‌బ్యాగువి.

కింది కవర్ విప్పి ఆ వైరు వెంట వెళ్తే టేపు చుట్టిన జాయింటు కనిపించింది. కారు అంతకుముందు ట్యాక్సీగా తిరిగిన రోజుల్లో జీపీఎస్ ట్రాకర్ కోసం ఎవరో ఇగ్నిషన్ వైరును కోసి, మూడు కొనలూ మెలిపెట్టి టేపు చుట్టారు. టేపు జిగురు కరిగి జారింది. లోపలి రాగి నల్లబడి, అక్కడక్కడా పచ్చగా చిలుము పట్టింది. వేడికి ఆ మెలిక వదులవుతోంది. కాయిళ్ళు, ఇంజెక్టర్లు, మీటరు బోర్డు అన్నీ కలిసి లాగే కరెంటు ఆ మూడు కొనల మీద ఆధారపడి ఉంది.

బ్యాటరీ ఎర్త్ విప్పి, మెరిసే రాగి కనిపించేదాకా రెండు వైపులా కోశాం. అదే మందం వైరు ముక్క వేసి క్రింప్ చేసి, సోల్డర్ పెట్టి, స్లీవ్ ఎక్కించి వేడిచేశాం. మాస్టారికి ట్రాకర్ అక్కర్లేదు కాబట్టి దాన్ని తీసేశాం. కారును మళ్ళీ ఎండలో కాగబెట్టి అదే బల్బు పెడితే 12.2 వచ్చింది, బల్బు తెల్లగా వెలిగింది.

మాస్టారు రివర్సు కెమెరా పెట్టించుకుంటానన్నారు. పెట్టించుకోండి, కానీ పక్కనే నిలబడి కరెంటు ఎక్కడి నుంచి తీస్తున్నారో అడగండి అన్నాను. ఫ్యూజు బాక్సులో దానికంటూ వేరే ఫ్యూజుతో తీయమనండి. తాళం కింది వైరు మీదికి కత్తెర వెళ్తే మాత్రం అక్కడే ఆపేయండి.